పైసలు ముందు, వేలు తర్వాత

ఆమె ముందు "జీతం" అనే మాట అనకూడదు. ఈ సంగతి నాకు బోధన్‌లో ఉద్యోగంలో చేరిన మూడో రోజునే తెలిసింది. అదీ తిట్లు తిని మరీ తెలిసింది.

మొన్న నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్ళే బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నారు. ఒకామె ఫోన్ చూసుకుని "జీతం పడ్డదే" అంది. రెండో ఆమె "నాదింక పడలే" అని మూతి ముడిచింది. అంతే, నాకు ఆ అవ్వ గుర్తొచ్చింది. బస్సు దిగేదాకా ఇంకో ఆలోచన రానివ్వలేదు. ఇంటికి రాగానే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. రిజిస్టరులో ఆమెకు ఒక పేరుండేది, ఇంట్లో ఇంకో పేరుండేది, రెంటికీ ఆమె పలికేది కాదు. "అవ్వా" అంటేనే వచ్చేది.

మాది ఆడపిల్లల ప్రైమరీ బడి. వరండాకు ఒకవైపు తెలుగు తరగతులు, ఇంకోవైపు ఉర్దూ తరగతులు. వరండా కొసకు చక్కెర ఫ్యాక్టరీ ట్రాలీ పట్టా ముక్క ఒకటి వేలాడేది, అదే మా గంట. గంట కొట్టడం, తాగే నీళ్ళ మట్టి రంజన్లు నింపడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం, హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చిన రిజిస్టరును తరగతి తరగతికీ తిప్పడం ఆమె పని. ఆమెకు గడియారం చూడటం రాదు. ఫ్యాక్టరీ సైరను ఒక గుర్తు, వరండా మెట్ల మీద ఎండ ఎంతవరకు పాకిందన్నది ఇంకో గుర్తు. ఫ్యాక్టరీ మూసి ఉండే వానాకాలంలో, మబ్బు పట్టిన రోజున, ఆమె గంటకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఒకసారి లెక్కల పీరియడ్ ఐదు నిమిషాల్లో ముగిసింది. మా రెండో తరగతి పిల్లలు ఆ తర్వాత మబ్బుల కోసం మొక్కుకునేవారు.

నేను పుట్టి పెరిగింది నిజామాబాద్ పట్నంలో. మా నాయనది కిరాణా దుకాణం. 1950ల చివర్లో పెళ్ళయి బోధన్ వచ్చాక, టీచరు ట్రైనింగ్ లేకపోయినా తీసుకుంటున్నారంటే ఈ బడిలో చేరాను. మూడో రోజున మాటలు కలుపుదామని అడిగాను.

"అవ్వా, నీకు జీతమెంత?"

ఆమె చంకలోని బిందె దించింది. కొంగు దోపుకుంది.

"జీతమా? ఎవలింట్ల జీతమున్న నేను? నీ ఇంట్ల ఉన్ననా? పెండ తీస్తున్ననా మీ ఇంట్ల?"

నేను బిత్తరపోయాను. తప్పేమిటో తెలియక, "అది కాదవ్వా, నెలకు ఎంతిస్తరని" అంటూ నసిగాను.

"గట్లడుగు. నాది తన్ఖా. సర్కారుది. నెలనెలా యేలుముద్ర గుద్ది తీసుకుంట. జీతం గీతం అనకు నా ముంగట."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు నా బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టలేదు.

తర్వాత మెల్లగా తెలిసింది. మా జిల్లా పల్లెల్లో జీతం ఉండటమంటే ఉగాది నుంచి ఉగాదికి ఒకరింట్లో పడి ఉండటం. పశువుల కొట్టం దగ్గరే తిండి, అక్కడే పడక. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఆమెకు పదేళ్ళప్పుడు వాళ్ళ నాయన రెండు బస్తాల జొన్నలకూ కొన్ని పైసలకూ ఒప్పుకుని, ఒక పటేలు ఇంట్లో ఆమెను జీతం పెట్టాడు. ఒక ఏడాదికే అన్నారు. ముందు వేలు పెట్టు, తర్వాత ఇస్తామంటే కాగితం మీద పెట్టాడు. ఉగాది వచ్చాక పిల్లను తీసుకుపోదామని వెళితే, కాగితంలో మూడేళ్ళని రాసి ఉందన్నారు. చదివి చెప్పేవాడు లేడు, చదవమని అడిగే ధైర్యమూ ఆయనకు లేదు. మూడు ఉగాదులు ఆమె అక్కడే పశువుల పెండ తీసింది. ఈ కథ ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. రంజన్లు కడుగుతూ ఒక ముక్క, పిల్లల తల దువ్వుతూ ఒక ముక్క చెప్పింది. ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. నాయనను తిట్టలేదు కూడా. "పైసలు సూడకముందే యేలు పెట్టిండు. గదే ఆయన జేసిన తప్పు" అనేది.

అందుకే జీతాల రోజున ఆమెను చూడటానికి మేం టీచర్లందరం ఏదో ఒక వంకతో ఆఫీసు గది దగ్గర తచ్చాడేవాళ్ళం. హెడ్‌మిస్ట్రెస్ హైదరాబాద్ ఆమె, మేమంతా ఉర్దూ పద్ధతిలో ఆపా, అంటే అక్క, అని పిలిచేవాళ్ళం. ఆపా ఇంకు పెట్టె తెరిచి, రిజిస్టరు తిప్పి, "వేలు పెట్టు" అనేది. అవ్వ కదిలేది కాదు. కుడిచెయ్యి చాపి నిలబడేది. "ముందు పెట్టు, ఇస్తా కదా" అని ఆపా విసుక్కునేది. "మీరు ఇస్తరు, నాకు ఎరుకే. నా యేలుకు ఎరుక లేదు" అనేది ఈవిడ. చివరికి నోట్లు ఆ కుడి అరచేతిలో పడ్డాకే ఎడమచేతి బొటనవేలు ఇంకులోకి దిగేది. ముద్ర కూడా ఊరికే వేసేది కాదు. ముగ్గు వేసినట్టు ఒద్దికగా, వేలు అటూ ఇటూ దొర్లించి, పైకెత్తి చూసి, నచ్చితేనే కదిలేది. గదిలో తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళ గొణుగుడు ఆమె చెవికెక్కేది కాదు.

తన్ఖా కొంగున కట్టుకుని ఆమె నేరుగా ఇంటికి వెళ్ళేది కాదు. బజారులో మిఠాయి దుకాణం ముందు బల్ల ఒకటుండేది, మగవాళ్ళు కూర్చుని చాయ్ తాగే బల్ల. దాని మీద కాళ్ళు మడిచి కూర్చుని పావుసేరు జిలేబి తినేది. ఒక్క ముక్క కూడా ఇంటికి కట్టించుకునేది కాదు. "ఇంటోళ్ళకు ఇంటికాడ ఉంటది. ఇది నీళ్ళు మోసిన నడుముకు" అనేది. ఆమె మొగుడు ఫ్యాక్టరీలో సీజను కూలి. చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా చెరుకు గానుగ నడిచినన్ని రోజులే పని. మరాఠీ వాళ్ళతో కలిసి పనిచేసి ఆయన తన సంపాదనను పగార్ అనేవాడు. సీజనులో పగార్ అందుకున్న రోజున మీసం మెలేసేవాడట. "ఆయనది ఆర్నెల్ల మీసం" అని ఈవిడ నవ్వేది.

ఇక నా సంగతి. నా జీతం ఎంతో నాకు తెలుసు గానీ, దాని బరువు ఎంతో తెలియదు. మా బడిలో ఒక పద్ధతి ఉండేది. పాఠాలు ఆగకూడదని జీతాల రోజున రిజిస్టరును అవ్వ చేత తరగతులకు పంపేవారు. మేము స్టాంపు మీద సంతకం పెట్టి పంపేవాళ్ళం. ఆఫీసు గదిలో మా ఇళ్ళ నుంచి వచ్చిన మగవాళ్ళు కూర్చుని ఉండేవారు. ఒకరికి తండ్రి, ఒకరికి భర్త, ఒకరికి అన్న. సంతకాలు పూర్తయిన రిజిస్టరు తిరిగి రాగానే ఆపా వాళ్ళ చేతుల్లో పైసలు పెట్టేది. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు. ఆడవాళ్ళు అంత డబ్బు పట్టుకుని బజారులో ఎలా నడుస్తారు అని అనుకునేదాన్ని.

నాకోసం మా మామగారు వచ్చేవారు. ఆయనకు బెల్లం దుకాణం. చెడ్డమనిషి కాదు. గొడుగు మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, ఆపాను పిల్లల చదువుల గురించి మర్యాదగా అడుగుతూ కూర్చునేవారు. సాయంత్రం ఇంటికొచ్చాక నా జీతంలోంచే ఒక పావలా తీసి, "పూలకు ఉంచుకో బిడ్డా" అని నా చేతిలో పెట్టేవారు. నేను సంబరపడి కళ్ళకు అద్దుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా బుద్ధికి నాకే నవ్వొస్తుంది.

ఒక జీతాల రోజున అవ్వ రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను గబగబా సంతకం చేస్తుంటే అడిగింది.

"పంతులమ్మా, పైసలు నువ్వెప్పుడన్న సూసినవా?"

"మామ తీసుకుంటడు కదవ్వా."

"గయితే నువ్వు గూడ జీతమే ఉన్నవు."

నాకు ఒళ్ళు మండింది. సర్కారు టీచరును, మెట్రిక్ పాసైనదాన్ని, పెండ తీసే పనితో పోలుస్తుందా? "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. ఆమె రిజిస్టరు చంకన పెట్టుకుని, "నా పని ఇదే గద" అని వెళ్ళిపోయింది. ఈ మాట ఎవరో మా మామగారి చెవిన వేశారు. ముసలిది ఆడపిల్లలకు మాటలు నేర్పుతోందని ఆయన ఆపాతో ఫిర్యాదు చేశారు. ఆపా ఆమెను మందలించింది. అవ్వ వారం రోజులు బుద్ధిగా ఉన్నట్టు నటించింది.

మరుసటి వేసవిలో నాకు ట్రైనింగ్ సీటు వచ్చింది. నిజామాబాద్‌లో, మా అమ్మగారింట్లో ఉండి చదువుకోవచ్చు. ట్రైనింగ్ లేనివాళ్ళను ఇక ఎక్కువ రోజులు ఉంచరని ఆపా ముందే చెప్పింది. ఇది పోతే ఉద్యోగం పోయినట్టే. జూలై మొదటి వారంలోపు ఫీజు కట్టాలి. ఇంట్లో అడిగాను.

"ఉన్న నౌకరి చేసుకో. ఏడాది దాంక జీతం రాకపాయె, పైంగ ఫీజు గట్టుడా? నాకు లెక్క కుదుర్త లేదు బిడ్డా" అన్నారు మామగారు. ఆయన దుకాణం లెక్క ప్రకారం అది న్యాయమే. మా ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. నేను అవ్వ దగ్గర మాత్రం ఏడ్చాను. ఆ వారంలో రోజూ రంజన్ల వెనక నిలబడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఫీజు ఎన్నడు గట్టాలె?" అని ఒక్కటే అడిగింది.

జీతాల రోజు వచ్చింది. రెండో తరగతిలో ఎక్కాలు చెప్పిస్తున్నాను. అవ్వ వచ్చి రిజిస్టరు తెరిచి పెట్టింది. కలం తీశాను. ఈ సంతకంతో నా చదువు అయిపోయినట్టేనని తెలుసు. అయినా పెట్టబోయాను. అలవాటు అంత గట్టిది. నా కలం కిందినుంచి ఆమె రిజిస్టరును సర్రున లాగేసింది. స్టాంపు పక్కన ఇంకు గీత పడింది. దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆపా పిలుస్తుంది, రా."

వరండాలో నడుస్తూ చెప్పింది. "పైసలు సేతికిస్తెనే సంతకం పెడ్తనన్నవని సెప్పిన."

నా కాళ్ళు ఆగిపోయాయి. "నేనెప్పుడన్న అవ్వా?"

"అన్లే. ఇప్పుడు అను."

ఆఫీసు గదిలో మామగారు కూర్చుని ఉన్నారు. మరో ఇద్దరు టీచర్ల మనుషులు కూడా ఉన్నారు. అవ్వ గుమ్మం దగ్గర నిలబడి గోడకేసి చూస్తోంది. ఆపా కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది.

"ఏంది లొల్లి? పైసలు చేతికిస్తేనే సంతకం పెడ్తనన్నవా? నువ్వే అన్నవా, ఈమె అంటుందా?"

నా నోటిదాకా వచ్చిన మాట "లేదాపా." నిజం చెబుతున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదవులు కూడా తెరిచాను. ఈలోపు మామగారు నవ్వారు.

"మా కోడలు గట్లెందుకంటది బీబీ? ఆమె నోట్ల నాలుకే లేదు. గీ ముసల్దే కల్పించింది."

నోట్లో నాలుక లేని పిల్ల అని మా అమ్మ పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పింది నా గురించి. అప్పుడు నేను సిగ్గుపడి మురిసిపోయాను. ఇప్పుడు అదే మాట మామగారి నోట విని తల ఎత్తాను.

"అవునాపా, నేనే అన్న" అన్నాను.

ఆపాకు వినపడలేదు. నాకే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అడిగింది. ఈసారి నేను చెప్పింది కిటికీ బయట పిల్లలకు కూడా వినపడి ఉంటుంది.

ఆపా రిజిస్టరును నా వైపు తిప్పింది. తర్వాత సొరుగు తెరిచి నోట్లు తీసి నా ముందు పెట్టింది. నేను తెలివితక్కువగా కలం కోసం చెయ్యి చాపాను. గుమ్మంలోంచి అవ్వ దగ్గింది. కలం వదిలేసి నోట్లు అందుకున్నాను. వాటిని ఎడమచేతిలోకి మార్చుకుని, అప్పుడు సంతకం పెట్టాను. మామగారు లేచి, ఎప్పటిలాగే చెయ్యి చాపారు. పాపం, ఆయనదీ అలవాటే.

"మామా, ఫీజు గడ్తున్న. మిగిలినయి ఇంటికి తెస్త."

ఆయన నా మొహం కేసి ఒకసారి చూసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

బడి వదిలాక అవ్వ నన్ను పోస్టాఫీసుకు తీసుకుపోయింది. మనియార్డరు కట్టి బయటికి రాగానే మిఠాయి దుకాణం బల్ల మీద నన్ను కూర్చోబెట్టింది. చాయ్ తాగుతున్న మగవాళ్ళు జరిగి చోటిచ్చారు. జిలేబి తింటూ నేను వెక్కిళ్ళు పెట్టాను.

"ఏడ్సుకుంట తింటె తీపి తెల్వది. ముందు తిను, తర్వాత ఏడువు" అంది.

ఇంట్లో ఏం జరిగిందో వివరంగా రాయను. మామగారు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున మా ఆయన సైకిలు తుడుస్తూ, నా వైపు చూడకుండానే, "నిజామాబాద్ బస్సు దాక నేను తోలుకపోత" అన్నారు. ఆ మనిషి నుంచి అంతకుమించి ఆశించడం అన్యాయం. ఆపా ఆ మరుసటి నెల నుంచి రిజిస్టరును తరగతులకు పంపడం మానేసింది. ఎవరి తన్ఖా వాళ్ళే వచ్చి తీసుకోవాలంది. గేటు బయట సైకిళ్ళ మీద మగవాళ్ళు ఇంకా ఉండేవాళ్ళే. కానీ ఆఫీసు గది నుంచి గేటు దాకా పైసలు టీచర్ల చేతుల్లో ఉండేవి. ఆ పది అడుగుల్లో ఒకామె తన కూతురికి పలక కొనడానికి విడిగా దాచుకోవడం మొదలుపెట్టింది.

ట్రైనింగ్ ఏడాదిలో చలికాలం ఒక పొద్దున అవ్వ మా అమ్మగారింటికి వచ్చింది. నెత్తి మీద చెరుకు గడల మోపు. బోధన్ నుంచి బస్సులో తెచ్చింది. "సదువు మంచిగ నడుస్తుందా?" అని అడిగి, నా పుస్తకం ఒకటి తెరిచి తలకిందులుగా పట్టుకుని రెండు పేజీలు చూసి, "మస్తున్నది" అంది. మా నాయన ఆమెకు కుర్చీ వేశారు. కూర్చోలేదు. బస్సు దొరకదని వెంటనే వెళ్ళిపోయింది.

నేను పాసయ్యాను. భీమ్‌గల్ వైపు ఒక బడిలో వేశారు. ముప్పై ఏళ్ళకు పైగా సొంత సంపాదన తిన్నాను, పిల్లలను చదివించాను, మామగారి ఆఖరి రోజుల్లో ఆయన మందులు కూడా నా చేతులతోనే కొన్నాను. మా కోడలు ట్రైండ్ టీచరని ఆయన దుకాణానికి వచ్చినవారందరికీ చెప్పుకునేవారు. ఇదంతా ఆ ముసలామె నాకు ఇచ్చింది. ఇంకెవరూ ఇవ్వలేదు.

1970ల్లో ఒకసారి ఆమెకు బాగాలేదని తెలిసి చూడటానికి వెళ్ళాను. ఫ్యాక్టరీ రోడ్డు పక్కన చిన్న పెంకుటిల్లు. మంచంలో ఉంది. కళ్ళు సరిగ్గా కనపడటం లేదు. నా చెయ్యి తడిమి పోల్చుకుంది. మొగుడు మూలన కూర్చుని బీడీ చుడుతున్నాడు. నేను తెచ్చిన చీర ఒళ్ళో పెట్టాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఆనాటి సంగతి ఎత్తాను.

"అవ్వా, ఆనాడు ఆపా ముంగట నేను లేదంటె ఏమవుతుండె?"

"ఏమైతది? నా నౌకరి పోతుండె. మీ మామ అప్పటికే ఫిర్యాదు జేసిండాయె. ఇగ అబద్ధం గూడ దొరికితె ఎవలు ఉంచుతరు?"

ఇన్నేళ్ళూ ఆ గదిలో ప్రమాదంలో ఉన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె గోడకేసి ఎందుకు చూస్తూ నిలబడిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

మూల నుంచి మొగుడు అన్నాడు. "పొద్దుగాలనే నాకు సెప్పిపోయింది బిడ్డా. ఇయ్యాల నౌకరి పోతె పోవచ్చు అన్నది. అప్పుడు సీజను లేకపాయె, నాకు పగార్ లేదు. మరేం తింటమే అన్న. నాట్లు పడుతున్నయి గద, ఇద్దరం కైకిలి పోదమన్నది."

"గంత తెలిసి ఎందుకు చెప్పినవవ్వా? నేను లేదంటనని భయం కాలేదా?"

ఆమె నవ్వింది. పళ్ళు లేని నోటితో, చాలా నెమ్మదిగా, నా చెయ్యి వదలకుండా అంది.

"నువ్వెందుకు లేదంటవు? నువ్వు గట్లాంటిదానివి గాదు. గది నాకు ఎరుకే. గట్లాంటిదానివైతె సెప్పకనే పోదును."

నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాట గురించి ఆమెకు చెబుదామనుకున్నాను. ఆ ఒక్క క్షణం నేను అట్లాంటిదాన్నే అని, ఆ క్షణంలో ఆమె తిండి నా పెదవుల మీద ఉందని, మామగారు అప్పుడు నవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో నాకే తెలియదని, ఎలా చెప్పను? ఆమె కళ్ళు నా మొహం ఉన్నవైపుకు తిరిగి ఉన్నాయి.

"అవునవ్వా" అన్నాను. ఆమె కాళ్ళ దగ్గరికి జరిగి, సాయంత్రం బస్సు టైమయ్యేదాకా కాళ్ళు పిసుకుతూ కూర్చున్నాను.